‘లాజిక్ లేదు’ అన్నప్పుడు మనం నిజంగా ఏమంటున్నాం?

2014 నవంబర్. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఒక మల్టీప్లెక్స్. ఆట వదిలేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. బయట చలికి చెవులు మొద్దుబారిపోతున్నాయి. ‘ఇంటర్‌స్టెల్లార్’ చూసి వస్తున్నాం, నేనూ నా రూమ్మేటూ. నాకంటే ఐదేళ్ళు పెద్ద, ‘అన్నా’ అని పిలిచేవాణ్ణి. పార్కింగ్‌లో కారు దాకా నడుస్తూనే నేను మొదలుపెట్టాను.

“అన్నా, భూమ్మీంచి పైకెళ్ళడానికి అంత పెద్ద రాకెట్ కావాల్సొచ్చింది కదా. ఆ నీళ్ళ గ్రహం మీద గ్రావిటీ భూమికంటే 30 శాతం ఎక్కువని వాళ్ళే చెప్పారు. మరి అక్కణ్ణించి ఆ చిన్న రేంజర్ దానంతటదే ఎట్లా ఎగిరిపోయింది? లాజిక్ ఉందా అసలు?”

కారెక్కాక కూడా ఆపలేదు. వార్మ్‌హోల్ పెట్టింది భవిష్యత్తులోని మనుషులే అయితే, ఆ మనుషులు బతికి బట్టకట్టడానికి ఆ వార్మ్‌హోలే కారణమైతే, ముందు ఏది వచ్చినట్టు? గుడ్డా, పెట్టా? అతను అంతా విని, “అవున్రా, రాకెట్ సంగతి నిజమే” అని హీటర్ వేశాడు. ఇంటికొచ్చేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

అప్పటికి అతని భార్యా కూతురూ నరసరావుపేటలో ఉన్నారు. వీసా పనులు తేలలేదు. పాపకి రెండేళ్ళు. శనివారం రాత్రయితే స్కైప్‌లో కనిపించేది. తెర మీద నాన్న మాట్లాడుతుంటే కాసేపు చూసి, తర్వాత లేచి లాప్‌టాప్ వెనక్కి వెళ్ళి వెతికేది, అక్కడ కూచున్నాడేమోనని. ఇదంతా నాకు తెలియనిది కాదు. అదే హాల్లో సోఫాకి ఇవతలి చివర కూచుని వారం వారం చూసినవాణ్ణే.

ఆ సినిమాలో తండ్రి ఒక గ్రహం మీద కొన్ని గంటలు గడిపి వచ్చేసరికి భూమ్మీద 23 ఏళ్ళు గడిచిపోతాయి. పిల్లలు పంపిన వీడియోలన్నీ వరసగా చూస్తూ అతను ఏడుస్తాడు. ఆ సీన్ నడుస్తున్నంతసేపూ నా పక్క సీట్లో మనిషి ముందుకు వంగి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. నేను చూశాను. చూసి కూడా రాకెట్ గురించే ఆలోచించాను.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఆ రాత్రి నేను చేసింది చాలామంది ఫ్యాన్స్ చేసేదే. క్యాంటీన్‌లో, క్యాబ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో మనం సినిమాల మీదా సిరీస్‌ల మీదా ఇచ్చే తీర్పుల్లో ‘లాజిక్ లేదు’ అన్నంత తరచుగా మరే మాటా వినపడదు. ఆ మాటకి అర్థం ఏంటో తేల్చుకుందామని ఈ వ్యాసం. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’, ‘లాస్ట్’, ‘డార్క్’, ‘ఇంటర్‌స్టెల్లార్’ చూడనివాళ్ళు జాగ్రత్త, ముగింపులతో సహా అన్నీ చెప్పేస్తున్నాను.

*

మన దగ్గర సినిమా వాదన ఏదైనా చివరికి రెండు బ్యాచ్‌లుగా తేలుతుంది. ఒకటి ‘లాజిక్ లేదు’ బ్యాచ్. నాది పుట్టుకతో ఈ బ్యాచే. ఇంజినీరింగ్ చదివి, రోజూ పక్కవాడి కోడ్‌లో తప్పులు పట్టడమే ఉద్యోగంగా బతికేవాడికి ఇది సహజంగా వచ్చే జబ్బు. ఒకప్పుడు ఎక్సెల్ షీట్ పెట్టుకుని మరీ రాసేవాణ్ణి, ఏ సినిమాలో ఎన్ని తప్పులు, ఎన్నో నిమిషంలో అని.

రెండోది ‘సినిమాని సినిమాలా చూడాలి’ బ్యాచ్. బుర్ర ఇంట్లో పెట్టి రావాలి, లాజిక్ అక్కర్లేదు మ్యాజిక్ చాలు అంటారు వీళ్ళు. వినడానికి పెద్దమనిషి తరహా మాటలాగే ఉంటుంది. కానీ ఇలా అనేవాళ్ళే తమకి ఇష్టమైన సిరీస్ చివరి సీజన్ చెడిపోయిందంటే తిండి మానేసి తిడతారు. నిజంగా బుర్ర ఇంట్లో వదిలేసి వచ్చినవాళ్ళకి అంత కోపం ఎక్కణ్ణించి వస్తుంది?

కాబట్టి రెండు బ్యాచ్‌లవాళ్ళూ కొన్ని తప్పుల్ని క్షమిస్తున్నారు, కొన్నిటిని క్షమించట్లేదు. ఏవి క్షమిస్తున్నారు, ఏవి క్షమించట్లేదు అన్నదే అసలు సంగతి. ఆ గీత ఎక్కడుందో పట్టుకోవాలంటే ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ కంటే మంచి చోటు లేదు.

*

2019 మే నెలలో ఆ సిరీస్ 8వ సీజన్ వస్తున్నప్పుడు ఒక ఎపిసోడ్‌లో కాఫీ కప్పు కనిపించింది. డ్రాగన్లూ కత్తులూ ఉన్న ప్రపంచంలో, విందు బల్ల మీద, డెనెరిస్ ముందు, మూత పెట్టిన పేపర్ కప్పు. షూటింగ్‌లో ఎవరో మర్చిపోయి వదిలేశారు. లోకమంతా నవ్వింది. రెండ్రోజుల్లో హెచ్‌బీవో దాన్ని కంప్యూటర్‌లో చెరిపేసింది. ఇప్పుడు చూస్తే ఆ బల్ల మీద ఏమీ లేదు.

తప్పుల్లో ఇంతకంటే పచ్చి తప్పు ఉండదు. అయినా దాని మీద ఎవరికీ కోపం రాలేదు, జోకులే వచ్చాయి. అదే నెలలో ఆ సీజన్ మొత్తాన్ని వేరే రచయితలతో మళ్ళీ తీయమని పెట్టిన ఆన్‌లైన్ పిటిషన్ మీద మాత్రం 10 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆ సంతకాలు కాఫీ కప్పు కోసం కాదు కదా. మరి దేనికోసం?

మొదటి ఎపిసోడ్‌కి వెళ్దాం. రాజు రాబర్ట్ రాజధాని నుంచి ఉత్తరాన వింటర్‌ఫెల్‌కి వస్తాడు. నెలరోజుల ప్రయాణమని రాణి విసుక్కుంటుంది. ఆ విసుగు ఊరికే పెట్టింది కాదు. ఈ లోకంలో దూరం అంటే నిజంగా దూరమేనని మనకి చెప్పడానికి పెట్టింది. సాయం రావాలంటే వారాలు పడుతుంది. కబురు అందేలోపు మనిషి పోతాడు. నెడ్ స్టార్క్ తల తెగే రోజున అతని కొడుకు సైన్యంతో ఎక్కడో దూరాన ఉంటాడు, అందుకే ఆ కత్తి దిగుతుంది. 2011లో ఆ ఎపిసోడ్ చూసిన మనలో చాలామంది చివరి సెకను దాకా ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూశాం. ఎవరూ రాలేదు. ఆ సిరీస్ మీద మనకి నమ్మకం కుదిరింది ఆ క్షణంలోనే. ఇక్కడ తప్పటడుగు వేస్తే తలపోతుంది, పోయిన తల తిరిగిరాదు.

ఇప్పుడు 7వ సీజన్ 6వ ఎపిసోడ్. జాన్ స్నో బృందం గోడ అవతల, గడ్డకట్టిన సరస్సు మధ్యలో చిక్కుకుపోతుంది. ఒకడు గోడ దాకా పరిగెత్తాలి, అక్కణ్ణించి కాకి ఎగిరి డ్రాగన్‌స్టోన్ దాకా పోవాలి, డెనెరిస్ డ్రాగన్ ఎక్కి వెనక్కి రావాలి. అన్నీ అయిపోయి ఆమె సరిగ్గా సమయానికి దిగుతుంది. ఆ ఎపిసోడ్ దర్శకుడు అలన్ టేలర్ కూడా నమ్మశక్యాన్ని కొంత సాగదీశామని ఒప్పుకున్నాడు. ఫ్యాన్స్ మ్యాపులు తీసి, కాకి వేగం లెక్కలు కట్టారు. నేనూ కట్టాను.

కానీ ఆ లెక్కలు కడుతూ మనం బాధపడింది కాకి గురించా? నాకిప్పుడు అలా అనిపించట్లేదు. దూరం చెరిగిపోగానే, వెనక్కి తిరిగి చూస్తే నెడ్ చావు కూడా చిన్నబోయింది. ‘ఇంత త్వరగా రాగలిగితే ఆ రోజు ఎందుకు రాలేదు?’ అనే ప్రశ్న పుడుతుంది. కొత్త సీజన్‌లో తప్పు చేసి పాత సీజన్‌లో మనం పడ్డ బాధని తగ్గించారు. రెండేళ్ళ తర్వాత 8వ సీజన్‌లో యూరాన్ నౌకలు సముద్రం మీద ఆమె డ్రాగన్‌ని కొట్టి పడేస్తే, నిర్మాత డేవిడ్ బెనియాఫ్ ఇచ్చిన వివరణ ఏంటంటే, ఆ నౌకల సంగతి డెనెరిస్ కాస్త మర్చిపోయిందని. ఈ ఒక్క మాటని ఫ్యాన్స్ ఇప్పటికీ వదల్లేదు. మర్చిపోవడం మనిషికి సహజమే. కానీ ఈ కథలో అంతకుముందు మర్చిపోయినవాళ్ళు తలలు పోగొట్టుకున్నారు, ఆ మరుపు వెనక ఒక గర్వమో ప్రేమో పిరికితనమో ఉండేది. ఇక్కడ ఆమె మరుపు వెనక ఏమీ లేదు. అది ఆమె మరుపు కాదు, రచయితల తొందర.

డెనెరిస్ చివర్లో రాజధానిని తగలబెట్టడం గురించి కూడా ఇదే చెబుతాను. ‘ఆమె అలాంటిది కాదు’ అన్నది ఫ్యాన్స్ వాదన. నేను ఒప్పుకోను. యజమానుల్ని వరసగా శిలువ వేయించిందీ, లొంగనన్నందుకు తండ్రీకొడుకుల్ని డ్రాగన్ మంటకి ఇచ్చిందీ ఆమే. విత్తనాలు ఎప్పుడో పడ్డాయి. కాకపోతే సీజన్‌కి 10 ఎపిసోడ్ల చొప్పున నడిచిన కథ చివరి రెండు సీజన్లలో 7, 6 ఎపిసోడ్లకి కుదించుకుపోయింది. ఆమె అక్కడిదాకా రావడానికి ఒక్కొక్కటిగా పోగొట్టుకోవాల్సినవన్నీ రెండు వారాల్లో గుత్తగా పోగొట్టుకుంది. చేరిన చోటు సరైనదే, దారి ఖర్చు మాత్రం చెల్లించలేదు.

*

ఖర్చు అనే ఈ మాట దగ్గర ఆగుదాం. కథలో నియమాలు ఉండేది ఇంజినీర్లని మెప్పించడానికి కాదు. నెల ప్రయాణం నెలే పడుతుంది, చచ్చినవాడు చచ్చినట్టే ఉంటాడు, గడిచిన కాలం తిరిగి రాదు అనే నియమాలు ఉంటేనే పాత్ర పోగొట్టుకున్నది నిజంగా పోయినట్టు. నియమం తప్పితే ఆ పోయినది వెనక్కి వచ్చేస్తుంది. మా భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్ బటన్ దొరుకుతుంది. అందుకే ‘లాజిక్ లేదు’ అన్న మాటలో రెండు వేరు వేరు ఫిర్యాదులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి ‘ఇక్కడ లెక్క తప్పింది’. రెండోది ‘నేను పడ్డ బాధని రద్దు చేశారు’. మొదటిది కాఫీ కప్పు. రెండోది పది లక్షల సంతకాలు.

ఈ రెండో ఫిర్యాదు ఎంత బలమైందో ‘లాస్ట్’ చూస్తే తెలుస్తుంది. 2004 నుంచి 2010 దాకా 6 సీజన్లు నడిచిన ఆ సిరీస్ గురించి ఇవాళ ఎవర్నడిగినా, చూడనివాళ్ళు కూడా చెప్పే మాట ఒకటుంది: “అందరూ మొదట్నుంచీ చచ్చిపోయినవాళ్ళేనట కదా!” ఇది తప్పు. విమానం కూలింది, దీవి మీద జరిగిందంతా నిజంగానే జరిగింది, కొందరు అక్కడ పోయారు, కొందరు చాలా ఏళ్ళకి పోయారు. ఆఖరి సీజన్‌లో పక్కదారిలా నడిచిన ఇంకో కథ మాత్రమే చావు తర్వాతది. జాక్‌కి తండ్రి చివర్లో ఆ సంగతి నోరు తెరిచి చెబుతాడు కూడా. అయినా జనం వినలేదు. ఆఖరి టైటిల్స్ మీద ఏబీసీ చానల్ ఖాళీ తీరం మీద విమాన శకలాల్ని చూపించి ఉన్న గందరగోళాన్ని ఇంకొంచెం పెంచింది.

ఏళ్ళ తరబడి నేను ఈ తప్పుని సరిదిద్దే ఉద్యోగం పెట్టుకున్నాను. ఎక్కడ ఈ మాట వినపడినా అక్కడ వాలిపోయి వివరించేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే ఆ తప్పుడు మాటలోనే ఒక నిజమైన భయం ఉందనిపిస్తుంది. మొదట్నుంచీ చచ్చిపోయి ఉంటే, మధ్యలో జరిగిన చావులకి విలువ లేదు, త్యాగాలకి విలువ లేదు, ఆరేళ్ళు మనం పడ్డ ఆదుర్దాకీ విలువ లేదు. జనం కథని తప్పుగా అర్థం చేసుకుని ఉండొచ్చు. కానీ ఏది జరిగితే తాము క్షమించరో సరిగ్గా చెప్పారు.

దానికి సాక్ష్యం అదే సిరీస్‌లో ఉంది. 4వ సీజన్‌లో ‘ది కాన్‌స్టెంట్’ అనే ఎపిసోడ్. డెస్మండ్ అనే మనిషి మనసు 1996కీ 2004కీ మధ్య అటూ ఇటూ గెంతుతూ ఉంటుంది. శరీరం ఇక్కడే, స్పృహ మాత్రం ఎనిమిదేళ్ళు వెనక్కి. సైన్స్ ప్రకారం దీనికి తలాతోకా లేదు. బతికి బయటపడాలంటే రెండు కాలాల్లోనూ తనకి తెలిసిన మనిషి ఒకరు కావాలి. 1996లో విడిపోయిన పెనీ దగ్గరికి వెళ్ళి ఫోన్ నంబరు అడుగుతాడు, 2004 క్రిస్మస్ ముందు రాత్రి దాకా ఫోన్ చేయనని చెబుతాడు. ఎనిమిదేళ్ళు. ఆ రాత్రి ఓడలోంచి ఫోన్ చేస్తాడు. ఆమె ఎత్తుతుంది.

ఈ ఎపిసోడ్‌ని లాజిక్ లేదని తిట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఎక్సెల్ షీట్ రోజుల్లో నేను కూడా దీన్ని ఆ షీట్‌లో పెట్టలేదు. కారణం అప్పుడు తెలియదు. ఇప్పుడు చెప్పగలను. ఆ ఫోన్ మోగే ముందు ఎనిమిదేళ్ళు నిజంగానే గడిచాయి. ఒకావిడ నంబరు మార్చకుండా ఉంది. ఆ ఖర్చుని కథ ఎక్కడా తగ్గించలేదు.

*

ఇంత తిరిగి నేను కనిపెట్టిన సూత్రం మా అమ్మకి ముందే తెలుసని ఈమధ్యే అర్థమైంది. అమ్మ రాత్రి 7 నుంచి 10 దాకా సీరియళ్ళు చూస్తుంది. ఏవేవో పేర్లు అడక్కండి. వారానికి ఆరు రోజులు నడిచే కథ, రేటింగ్ పడితే మలుపు తిరుగుతుంది, నటుడు వెళ్ళిపోతే పాత్ర చచ్చిపోతుంది, నటుడు తిరిగొస్తే పాత్ర బతుకుతుంది. నేను పక్కన కూచుని వెక్కిరించేవాణ్ణి. “అమ్మా, పెళ్ళి మండపంలో ఒకావిడ విషం కలుపుతుంటే కెమెరా చుట్టూ మూడుసార్లు తిరిగింది, పక్కన కూచున్న నలభైమందిలో ఒక్కరికీ కనపళ్ళేదా?” అమ్మ పట్టించుకునేది కాదు. “నీకెందుకురా, కనపళ్ళేదనుకో” అనేది.

ఒకరోజు మాత్రం టీవీ కట్టేసింది. చనిపోయిన ఒక పాత్ర, ఆర్నెల్ల క్రితం కర్మకాండ కూడా జరిగిపోయిన పాత్ర, గుమ్మంలో ప్రత్యక్షమైంది. నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు.

“మరి మొన్న నేనేడ్చిందంతా ఎవడి కోసం?” అంది.

విషం కలిపింది నలభైమందికి కనపడకపోయినా ఆవిడకి ఫర్వాలేదు. అది కాఫీ కప్పు. కానీ ఏడిపించి, ఆ ఏడుపుని వెనక్కి తీసుకుంటే ఊరుకోదు. ఇంతకంటే స్పష్టంగా ఈ సంగతిని చెప్పిన సమీక్ష నేను చదవలేదు. ఆ సీరియల్ మళ్ళీ చూడటం మొదలుపెట్టింది, అది వేరే విషయం. కానీ అప్పట్నుంచీ దానికి ఏడవలేదు. కూరగాయలు తరుగుతూ చూస్తుంది.

*

ఇక్కడ నా సూత్రానికి రెండు అడ్డంకులున్నాయి. రెండూ మనవే.

మొదటిది ‘అమృతం’. 2001లో మొదలై ఆరేళ్ళ పాటు, మూడొందలకు పైగా ఎపిసోడ్లు నడిచిన సీరియల్. ఇందులో హీరో అమృతరావు మొహమే మారిపోయింది. శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్, ఒకే పాత్రకి వేర్వేరు కాలాల్లో వేర్వేరు మనుషులు. కంటిన్యుటీ లెక్కన ఇంతకంటే పెద్ద తప్పు ఏముంటుంది? ఐనా ఎవరూ కంప్లైంట్ చేయలేదు. మనలో ‘ఎవరి అమృతం బెస్ట్’ అని కొట్టుకున్నవాళ్ళున్నారు గానీ ‘మొహం ఎందుకు మారింది’ అని అడిగినవాళ్ళు తక్కువ. పైగా ప్రతి వారం ఆ హోటల్ మునిగిపోతుంది, వచ్చే వారానికి మళ్ళీ మామూలే. పోగొట్టుకున్నదేదీ పోదు.

రెండోది ‘ఆదిత్య 369’. 1991లో సింగీతం శ్రీనివాసరావు మనల్ని టైమ్ మెషీన్ ఎక్కించి శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, అక్కణ్ణించి 2504కీ తీసుకెళ్ళారు. మెషీన్ ఎలా పనిచేస్తుందో ఎవరూ అడగరు. 1526 నాటి విజయనగరంలో వీళ్ళు అంత హడావిడి చేసి వచ్చాక చరిత్ర ఎందుకు మారలేదో కూడా అడగరు. పోయినేడాది, అంటే 2025 ఏప్రిల్‌లో, ప్రింటు శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేస్తే జనం సంతోషంగా వెళ్ళారు. ఆ సినిమా చూసి పెరిగిన నాకు కూడా దాని మీద ఎక్సెల్ షీట్ తెరవాలని ఏనాడూ తోచలేదు.

ఖర్చు లేని ఈ రెండిటినీ ఎందుకు అంతగా ఇష్టపడ్డాం? చాలా రోజులు తికమకపడ్డాను. చివరికి అమ్మ మాటలోనే జవాబు దొరికింది. ‘నేనేడ్చిందంతా’ అంది కదా. ‘అమృతం’ మనల్ని ఏడవమని అడగలేదు. ఆంజనేయులు పక్కనుంటే అమృతరావు ఏదో ఒక తిక్క ఆలోచన చేస్తాడు, అది ఎదురు తంతుంది, మనం నవ్వుకుంటాం, ఇదే ఒప్పందం. గుండు హనుమంతరావు ఆంజిగా ఉన్నంతకాలం ఆ ఒప్పందం చెడలేదు. ‘ఆదిత్య 369’ ఒక షికారుకి తీసుకెళ్తానంది, తీసుకెళ్ళి తీసుకొచ్చింది. షికారుకి వెళ్ళొచ్చాక ఏం పోగొట్టుకున్నావని ఎవరడుగుతారు? ఏడవమని అడిగిన కథనే ఖర్చు లెక్క అడగాలి. మన కన్నీళ్ళు అప్పు తీసుకున్న కథ వాటిని ఎగ్గొట్టకూడదు, అంతే.

అలా చూస్తే 2022లో వచ్చిన ‘ఒకే ఒక జీవితం’ దగ్గర మనం వేరే కొలత తీసుకోవాలి. అక్కడ కొడుకు 1998కి వెళ్ళేది షికారుకి కాదు, పోయిన తల్లిని కాపాడుకోవడానికి. అమల ఎదురుగా శర్వానంద్ ఎవరో పరాయివాడిలా నిలబడి, అమ్మా అని పిలవలేక నిలబడి ఉన్న సీన్లలో ఆ సినిమా మన దగ్గర అప్పు తీసుకుంటుంది. నాజర్ చేసిన సైంటిస్టు మెషీన్ ఎలా తయారుచేశాడన్నది నాకు పట్టలేదు. కొడుక్కి అమ్మ కనపడిన ఆ కొద్ది రోజులు ఉత్తినే రాలేదు కదా అని మాత్రం చూసుకున్నాను.

*

సూత్రం దొరికింది కదా అని అన్నిటికీ అది సరిపోతుందని చెప్పను. ‘డార్క్’ దగ్గర నేను ఇప్పటికీ ఇరుక్కుపోయి ఉన్నాను.

2017 నుంచి 2020 దాకా వచ్చిన ఈ జర్మన్ సిరీస్ మా లాజిక్ బ్యాచ్‌కి భగవద్గీత లాంటిది. 33 ఏళ్ళ చక్రం, 2019, 1986, 1953, తాతలు మనవలౌతారు, ఒక తల్లి తన కూతురికే కూతురౌతుంది, అయినా 26 ఎపిసోడ్లలో ముడి ఎక్కడా జారదు. వంశవృక్షం ఏ3 కాగితం మీద గీసి గోడకి అంటించుకున్నాను. కానీ ఆ కాగితం చింపేసినా మర్చిపోలేని సీన్ ఒకటే. పోయిన కొడుకుని వెతుక్కుంటూ ఉల్రిక్ కాలంలో వెనక్కి వెళ్ళి 1953లో చిక్కుకుపోతాడు. అతన్ని పిచ్చాసుపత్రిలో పడేస్తారు. మూడు దశాబ్దాలు దాటాక, ముసలివాడై, అక్కణ్ణించి తప్పించుకుని కొడుకు ఉన్న ఇంటికి చేరతాడు. కొడుక్కి తండ్రి దూరమై కొన్ని నెలలే అయింది. వాడింకా పిల్లాడే. వాటేసుకుంటారు. కాసేపటికే పోలీసులొచ్చి తండ్రిని మళ్ళీ లాక్కెళ్తారు.

ఇంత ఖరీదైన కౌగిలింత నేను ఇంకే సిరీస్‌లోనూ చూడలేదు. మరి ముగింపులో ఏం చేశారు? ఈ ముడి పడిన రెండు లోకాలూ పుట్టకుండా జోనాస్, మార్తా తమని తాము చెరిపేసుకున్నారు. వాళ్ళు పెట్టిన ఖర్చు వాళ్ళ ఉనికే, అంతకంటే పెద్ద ఖర్చు లేదు, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళతో పాటు ఉల్రిక్ ఏళ్ళు కూడా చెరిగిపోయాయి. లాజిక్ పరంగా ఒక్క తప్పు లేదు. చూసినప్పుడు చప్పట్లు కొట్టాను. రాత్రి పడుకున్నాక మాత్రం అమ్మ అడిగిన ప్రశ్నే వచ్చింది: మరి ఆ ముసలాయన ఏడుపు ఎవడి కోసం? ఒకసారి జవాబు దొరికినట్టుంటుంది, ఇంకోసారి దొరకదు. కాబట్టి నాకు అర్థమైంది ఇంతే: లాజిక్ తప్పకపోయినా ఖర్చు రద్దు కావచ్చు. రెండూ ఒకటి కావు.

*

‘ఇంటర్‌స్టెల్లార్’ 2025 ఫిబ్రవరిలో మన థియేటర్లకి మళ్ళీ వచ్చింది. హైదరాబాద్‌లో రెండోసారి చూశాను. మధ్యలో ఆ సినిమా వెనక ఉన్న భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్ రాసిన పుస్తకం చదివాను. ఈయనకే 2017లో నోబెల్ వచ్చింది. గ్రహం మీద ఒక గంట అంటే భూమ్మీద ఏడేళ్ళు కావాలని నోలన్ పట్టుబట్టాడట. అది కుదరదని థోర్న్ ముందు అనుకున్నాడు. తర్వాత కూచుని లెక్క కడితే, బ్లాక్‌హోల్ తిరగగలిగినంత వేగంగా తిరుగుతుంటే కుదురుతుందని తేలింది.

ఇది చదివాక నాకు సిగ్గేసింది. నేను అనుకున్నదానికి ఇది పూర్తిగా తిరగబడి ఉంది. సైన్స్ చెప్పడానికి కథ పెట్టుకోలేదు వాళ్ళు. ఒక తండ్రి ఇరవై మూడేళ్ళు పోగొట్టుకోవాలి, అవి ఏ మంత్రంతోనూ తిరిగి రాకూడదు, అందుకు ఒక బ్లాక్‌హోల్‌ని అంత వేగంగా తిప్పారు. ఆ ఒక్క నష్టాన్ని కదలకుండా బిగించడానికి వాడిన మేకు ఆ ఫిజిక్స్. నేను పట్టుకున్న రేంజర్ తప్పు నిజమైన తప్పే, ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ అది ఎవరి ఖర్చునీ రద్దు చేయదు. అది ఎలా ఎగిరినా ఆ వీడియోలు అలాగే ఉంటాయి. కొడుకు చదువైపోతుంది, పెళ్ళవుతుంది, పిల్లాడు పుట్టి పోతాడు కూడా. చివరికి తెర మీదకి వచ్చిన కూతురికి, తండ్రి వెళ్ళినప్పటి అతని వయసే వచ్చి ఉంటుంది.

సినిమాలో లోటు వెతకాలంటే ఆఖర్లో వెతకాలి. ముసలిదైపోయిన కూతురి మంచం పక్కన తండ్రి రెండు మూడు నిమిషాలకంటే నిలబడడు. చుట్టూ ఉన్న మనవలూ మునిమనవలూ అతని వైపు సరిగ్గా చూడనైనా చూడరు, ఎవరో మీటర్ రీడింగుకి వచ్చిన మనిషన్నట్టు. అంత ఖర్చు పెట్టించిన సినిమా ఆ గదిలో ఇంకాసేపు కూచోవాల్సింది. 2014లో ఆ పార్కింగ్‌లో నేను అడగాల్సిన ప్రశ్న ఏదైనా ఉంటే అది ఇది.

ఆ అన్న ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉంటున్నాడు, కుటుంబంతో. నేను చూసొచ్చిన వారానికి ఫోన్ చేసి, తామూ వెళ్ళామని చెప్పాడు. పాపకి ఇప్పుడు పన్నెండు దాటాయి. “దీనికేదో డౌటంట, నువ్వయితేనే చెప్పగలవు” అని నవ్వుతూ ఫోన్ ఆ పిల్లకిచ్చాడు.

“బాబాయ్, భూమ్మీంచి వెళ్ళడానికి పెద్ద రాకెట్ కావాలి కదా, మరి ఆ వాటర్ ప్లానెట్ నించి చిన్న షిప్ ఎలా ఎగిరింది?”

నాకు నవ్వాగలేదు. అది సినిమా చేసిన తప్పేనని, నువ్వు సరిగ్గా పట్టుకున్నావని చెప్పాను. పిల్ల తృప్తిగా “నేను చెప్పానా” అంది, పక్కన ఎవరితోనో. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు గొంతు తగ్గించింది.

“ఆ వీడియోల సీన్ వచ్చినప్పుడు నాన్న పాప్‌కార్న్ తెస్తానని బయటికెళ్ళారు బాబాయ్. సీన్ అయిపోయాక వచ్చారు. ఏమీ తేలేదు.”